తొట్టెలకు వచ్చిన రౌటర్

మా మహిపాల్ సార్‌కు ఏదీ పారేసే అలవాటు లేదు. మిర్యాలగూడలో అంత పెద్ద రైసుమిల్లుకు ఓనరై ఉండి, చినిగిన గోనెసంచిని కూడా కుట్టించి వాడతాడు. ఆ మిల్లు నుంచి పోయే లారీలకు బిల్లులు కొట్టేది నేను. కాన్పయ్యాక, పాపను వదిలి సూర్యాపేట నుంచి రోజూ బస్సెక్కడం నావల్ల కాదంటే ఇంటి నుంచే చేయమన్నాడు. సోమవారం కల్లా మిల్లు సర్వర్ మా ఇంట్లో తెరుచుకోవాలి, లేదంటే ఇంకొకరిని పెట్టుకుంటానని కూడా చెప్పాడు. ఆ సోమవారం రానే వచ్చింది.

బయటి నుంచి మిల్లు సర్వర్‌లోకి వెళ్లడానికి వీపీఎన్ పెట్టింది కోదాడలో కంప్యూటర్ షాపున్న ఏసుబాబన్న. నా లాప్‌టాప్‌లో అది కలిసినట్టే పచ్చగా చూపిస్తోంది. బిల్లుల పేజీ మాత్రం తిరిగి తిరిగి ఆగిపోతోంది. అన్న కోదాడలో తన షాపు నుంచి తెరిస్తే క్షణంలో వస్తోందట. మిల్లులో కరెంటు, నెట్టు, సర్వర్ అన్నీ బాగానే ఉన్నాయట. అంటే దరిద్రమంతా మా ఇంట్లోనే ఉందన్నమాట. నాకు ఒళ్లు మండింది. అటు పాప ఏడుపు, ఇటు గేటు దగ్గర లారీలు ఆగాయని సార్ ఫోను మీద ఫోను.

అన్న చెప్పినట్టు పాపను భుజాన వేసుకుని, మేడ మీదికెక్కి ఫోన్ నెట్టుతో చూశాను. తెరుచుకుంది. కిందికొచ్చి ఇంటి నెట్టు పెట్టగానే మళ్లీ మొండికేసింది. మా గదుల్లో ఫోన్ సిగ్నల్ మాటలకు సరిపోతుంది గానీ నెట్టుకు అందదు. పసిదాన్నెత్తుకుని రోజూ ఎండలో కూర్చుని బిల్లులు కొట్టలేను కదా. ఇక ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

అప్పుడు అన్న ఫోన్‌లో అడిగాడు. "చెల్లెమ్మా, మీ ఇంట్లో ఆ రౌటర్ ఎక్కడిదండి?"

"పాప తొట్టెల ఫంక్షన్‌కు సారే పెట్టిండన్నా. మిల్లుల కొత్తది కొన్నంక పాతది ఊకెనే పడున్నదని, చమ్కీ కాగితం చుట్టి తెచ్చిండు."

అన్న చాలాసేపు నవ్వాడు. మిల్లు కొత్త రౌటర్‌కు తాను పాతదానిలోని ఐపీ నంబర్లే, అంటే నెట్టు అడ్రసులే, పెట్టాడట. ఇప్పుడు మిల్లు నెట్టుకూ మా ఇంటి నెట్టుకూ ఒకే నంబర్లు. సర్వర్ కావాలని అడిగితే లాప్‌టాప్ అది మా ఇంట్లోనే ఉందనుకుని, ఇక్కడే వెతికి ఊరుకుంటోంది. మిర్యాలగూడ దారే పట్టడం లేదు. ఇంటి నంబర్లు ఎలా మార్చాలో ఒక్కొక్కటే చెప్పాడు. మార్చి, రౌటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేశాను.

పేజీ వచ్చింది. ఆగిన లారీలన్నీ వరసగా కనిపించాయి. ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. పాప నుదుట ముద్దుపెట్టి మొదటి బిల్లు కొట్టాను.

కాసేపటికి సార్ ఫోన్ చేశాడు. లారీలు కదిలాయని చెప్పాడు. ఆ పాత రౌటర్ గురించి నాలుగు మాటలు అనాలని కాచుకునే ఉన్నాను గానీ, ఆయన గొంతులో సంతోషం వింటే కోపం కాస్తా ఎగిరిపోయింది.

"మన రౌటర్ మంచిగ పనిచేస్తుంది గద బిడ్డా? మిల్లుల పాత ఇన్వర్టర్ గూడ ఉన్నది, పంపియ్యాల్నా?"

"వద్దు సార్," అన్నాను. "నా కొలువు నాకున్నది. గదే సాలు."