సుమన్ ఆపని రికార్డర్

అన్నమ్మ దుకాణం మెట్లెక్కుతుండగానే ఆదిశేషు ఆమెను గుర్తుపట్టాడు. గుర్తుపట్టనట్టు తల వంచుకుని, చేతిలో ఉన్న ఫోను స్క్రూలు విప్పుతూ కూర్చున్నాడు. పదమూడేళ్ళుగా అతను ఆమెకు ఎదురుపడకుండా తిరిగాడు. మార్కాపురం అంత పెద్ద ఊరేమీ కాదు. మార్కెట్లో ఆమె కనిపిస్తే సందు మారేవాడు. ఆమె ఉండే కాలనీ వైపు నుంచి పని వస్తే తీరిక లేదని చెప్పేవాడు.

ఆమె కౌంటరు ముందు నిలబడి, చీర కొంగు ముడి విప్పి, ఒక చిన్న నల్లటి రికార్డర్ తీసి అద్దం మీద పెట్టింది. దాని వెనక మూత ఊడిపోకుండా ఎర్ర రిబ్బను ముక్కతో కట్టి ఉంది.

“శేషూ, దీంట్లో మా సుమన్ గొంతు ఉంది. బయటికి తీసియ్యి నాయనా.”

ఆదిశేషు చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. ఇన్నేళ్ళూ ఇది ఎక్కడుందని అడిగాడు. సుమన్ పోయిన రోజు, వాళ్ళ బ్యాండు ప్రాక్టీసు చేసే రేకుల షెడ్డులో దొరికిన సామానంతా ఇంటికి పంపారనీ, గిటారుతో పాటు దీన్నీ పెట్టెలో పెట్టి మూత కూడా తీయలేదనీ ఆమె చెప్పింది. పోయిన వారం ఆమె అక్క కూతురు ఫోనులో ఒక వీడియో చూపించిందట. గిద్దలూరులో మైకు సెట్లు అద్దెకిచ్చే ఒకాయన దగ్గర వాళ్ళ ప్రోగ్రాం పాత రికార్డింగు ఉంటే, ఆయన కూతురు దాన్ని నెట్‌లో పెట్టింది. పాటకు ముందు మైకులో ఆమె కొడుకు సుమన్ నాలుగు మాటలు మాట్లాడాడు. ఆ నాలుగు మాటలూ విన్నప్పటి నుంచీ ఆమెకు కుదురు లేదు.

“చచ్చిపోయినోడి గొంతు మర్చిపోయినా అనుకున్యా. మర్చిపోలే,” అన్నది. రిపేరుకు ఎంతవుతుందని కూడా అడగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ వీడియో ఆదిశేషు కూడా చూశాడు. గొంతు రాకుండా, శబ్దం పూర్తిగా తగ్గించి చూశాడు.

రెండువేల పదకొండులో వాళ్ళు నలుగురు. గిటారు ఆదిశేషు, డ్రమ్స్ వినయ్ కుమార్, బేస్ గిటార్ సుమన్, పాడేది హెప్సిబా. చర్చి క్వాయర్‌లో పాడే హెప్సిబాను బ్యాండులోకి తీసుకొచ్చింది సుమనే. బ్యాండు పేరు ‘పలకరాయి’. ఊరి బయట, మూతపడిన పలకల ఫ్యాక్టరీ రేకుల షెడ్డులో ప్రాక్టీసు చేసేవాళ్ళు. పలకల గనుల మీద, వాటిలో పనిచేసే మనుషుల మీద తొమ్మిది పాటలు చేసి ఒక ఆల్బంగా తేవాలని వాళ్ళ ఆలోచన. తొమ్మిదింటిలో అందరికీ నచ్చింది ‘దుమ్ము పాట’. అది రాసింది సుమన్. వాళ్ళ నాయన ముప్పై ఏళ్ళు రాయి కోసి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, నలభై ఎనిమిదేళ్ళకే పోయాడు. ‘నల్లరాయి పొర విప్పితే నాయన దగ్గు వినపడె’ అని ఆ పాట మొదలయ్యేది.

గిద్దలూరులో ఒక్కసారి జనం ముందు వాయించారు. సినిమా పాటలు వెయ్యమని కుర్రాళ్ళు ఈలలు వేశారు. దుమ్ము పాట మొదలైన కాసేపటికి ముందు వరుసలో ఉన్న నడివయసు వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఈలలు వాటంతటవే ఆగిపోయాయి. ఆ తర్వాత హైదరాబాదులో ఒక స్టూడియోలో తేదీ దొరికింది. దానికి ఆరు రోజుల ముందు, షెడ్డుకు అవతల వానలకు నిండిన గని గుంతలో సుమన్ శవం తేలింది. ఆల్బం పని అక్కడితో ఆగిపోయింది. వినయ్ కుమార్ బెంగళూరు వెళ్ళాడు. హెప్సిబా నర్సు ఉద్యోగంలో చేరి కనిగిరిలో స్థిరపడింది. ఆదిశేషు గిటారు అమ్మేసి ఈ ఫోన్ల దుకాణం పెట్టాడు.

రికార్డర్ చెడిపోయింది కానీ లోపలి కార్డు బాగానే ఉంది. మర్నాడు పొద్దున్నే దుకాణం తెరవకముందు, షట్టరు సగం దించి, ఆదిశేషు ఆ కార్డును కంప్యూటరుకు పెట్టాడు. నలభై ఒక్క ఫైళ్ళు ఉన్నాయి. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మొదటిది నొక్కాడు.

“తేదీ మూడు, శనివారం. పలక ఫ్రేములు కొట్టే పాట. టేకు ఒకటి. శేషుగానికి ఆకలైతాందంట, తొందరగా కానిద్దాం.”

సుమన్ చెవిలో నోరు పెట్టి మాట్లాడినట్టే ఉంది. ఆదిశేషు చటుక్కున వెనక్కి తిరిగి చూశాడు. షట్టరు కింద నుంచి రోడ్డు మీద పోయేవాళ్ళ కాళ్ళు కనిపిస్తున్నాయి.

అతను ఒక్కొక్కటే వింటూ పోయాడు. తెగిపోయిన తీగకు బదులు ఇంకోదాని కోసం వెతుకులాట. హెప్సిబా నవ్వు. వినయ్ స్కూటరు స్టార్టు కాక తిట్టుకోవడం. గిద్దలూరు ప్రోగ్రాం, ముక్కలు ముక్కలుగా. ప్రతి టేకు ముందూ సుమన్ తేదీ చెప్పి, ఏదో ఒక మాట కలిపేవాడు. వినేకొద్దీ ఆ గొంతు కార్డులోంచి దుకాణంలోకి పాకినట్టయింది. గిరాకీలతో మాట్లాడుతుంటే మధ్యలో ‘టేకు రెండు’ అని వినిపించేది. భార్య అన్నం వడ్డిస్తుంటే, ‘శేషుగానికి ఆకలైతాందంట’ అని వినిపించి కంచం పక్కకు జరిపేవాడు. ఏమయిందని ఆమె అడిగింది. నిద్ర చాలలేదన్నాడు.

నలభై ఒకటో ఫైలు సెప్టెంబరు ఇరవై రెండుది. సుమన్ చనిపోయిన రోజు. మిగిలినవన్నీ నాలుగైదు నిమిషాలవి. అది రెండు గంటల నలభై నిమిషాలుంది.

దాన్ని ఆరు నిమిషాల వరకు విని ఆపేశాడు. ఆరో నిమిషంలో ఉన్నది అతని గొంతే. దుమ్ము పాటలో మూడో చరణం దగ్గర సుమన్ ప్రతిసారీ అరమాత్ర ముందే అందుకుంటున్నాడు. స్టూడియో తేదీ మీద పడుతోంది. ఆ రోజు ఆదిశేషు గిటారు పక్కన పడేసి, నీ చేత కాదు, ఒంగోలు నుంచి ఇంకొకర్ని పిలుస్తాం అన్నాడు. అంతటితో ఆగలేదు. “మీ నాయన పోయినాడని జాలిపడి పెట్టుకున్యాంరా నిన్ను,” అన్నాడు. ఆ తర్వాత ముగ్గురూ షెడ్డు బయటికి పోయిన అడుగుల చప్పుడు ఉంది. వినయ్ స్కూటరు మీద ముగ్గురూ ఎక్కి ఊళ్ళోకి వచ్చేశారు.

ఆ సాయంత్రమే మేకలు కాసుకునేవాళ్ళు గుంత ఒడ్డున చెప్పులు చూసి కేకలు పెట్టారు.

ఆదిశేషు ఆ ఫైలు ఒక్కటి పక్కకు తీసి తన దగ్గరే దాచుకున్నాడు. మిగిలిన నలభై ఫైళ్ళనూ ఒక చిన్న స్పీకరులో వేసి, ఎలా నొక్కాలో అన్నమ్మకు నేర్పి పంపాడు. ఆమె రెండు చేతులతో స్పీకరును పట్టుకుని పోతుంటే, దొంగతనం చేసి పట్టుబడకుండా బయటపడ్డవాడిలా కూలబడ్డాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె మళ్ళీ వచ్చింది. అన్నీ విన్నానని చెప్పింది. వాడు తేదీలు చెప్పి రికార్డు చేశాడు గదా, మరి ఇరవై రెండోది లేదేమని అడిగింది. ఆ ఫైలు పాడైపోయిందన్నాడు ఆదిశేషు. ఆమె అతని ముఖం వంకే చూసి, దుకాణంలో ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆమె చెప్పిన సంగతి అతనికి తెలియనిది కాదు. కానీ ఆమె నోటి నుంచి వినడం అదే మొదటిసారి. గుంత ఒడ్డున చెప్పులు జతగా విడిచి ఉన్నాయి కాబట్టి సుమన్ కావాలనే దూకాడని ఊళ్ళో అనుకున్నారు. సమాధి చేసేరోజు చర్చి సంఘంలో కొందరు ప్రార్థనకు నిలబడలేదు. ఆమె వదిన ఇప్పటికీ అమావాస్యనాడు ఆ గని దారిన పోవద్దని పిల్లలకు చెబుతుంది, సుమన్ అక్కడే తిరుగుతున్నాడని.

“వాడు సిన్నప్పటి నుంచీ చెప్పులు జతగానే విడుస్తాడు. ఎవురికి చెప్పినా వినరు,” అన్నది అన్నమ్మ. “దూకినాడో, జారినాడో నాకు తెలియాల. ఆ రోజు ఏం మాట్లాడినాడో దాంట్లో ఉంటాది. నువ్వు తీసేసినావు శేషూ. నీ మొగం చూస్తే తెలస్తాంది.”

ఆదిశేషు రేపు ఇంటికి వస్తానని చెప్పి ఆమెను పంపాడు. తర్వాత హెప్సిబాకు ఫోన్ చేశాడు. ఏడేళ్ళ తర్వాత మాట్లాడటం. డ్యూటీలో ఉన్నట్టుంది, గొంతు తగ్గించి మాట్లాడింది. సంగతంతా విని, వినిపించు అన్నది. ఆ మాట అన్నమ్మ ఎట్లా వినగలుగుతుందని ఆదిశేషు అంటుంటే, హెప్సిబా మధ్యలోనే అందుకుంది.

“నువ్వొక్కడివే మోస్తాండవనుకున్యావా? నువ్వు ఆ మాట అన్యప్పుడు నేను ఆడనే ఉన్యా. తప్పని ఒక్క మాట అనలే. స్కూటర్ ఎక్కినా.”

మర్నాడు పదకొండింటికి ఆదిశేషు ల్యాప్‌టాప్ తీసుకుని అన్నమ్మ ఇంటికి వెళ్ళాడు. రెండు గదుల రేకుల ఇల్లు. ఒక మూల చెక్క ఫ్రేముల కట్టలున్నాయి. ఆమె ఇప్పటికీ పలకలకు ఫ్రేములు బిగించే పని ఇంటికి తెచ్చుకుని చేస్తోంది. ఆమె చాప వేసి, ఎదురుగా నేల మీద కూర్చుంది. అతను మూతపెట్టిన ల్యాప్‌టాప్ ఒడిలో పెట్టుకుని, దీంట్లో తను అన్న ఒక మాట ఉందనీ, అది విన్నాక ఆమె తనను ఏమన్నా పడతాననీ చెప్పాడు. ఆమె తల ఊపింది.

ఆరో నిమిషం వచ్చింది. ఇరవై ఐదేళ్ళ వయసునాటి తన గొంతు ఆ గదిలో ఆ మాటను మళ్ళీ అన్నది. అన్నమ్మ కదలలేదు. చేతి గాజును మాత్రం చుట్టూ తిప్పుతూ ఉంది. ఆదిశేషు దాన్ని ఆపబోయాడు.

“ఉండనీ. తిట్టు తింటాన్యా దాంట్లో ఉండేది నా కొడుకే గదా,” అన్నది.

స్కూటరు చప్పుడు దూరమైంది. ఇక్కడి నుంచి ఆదిశేషు కూడా ఎన్నడూ వినలేదు. చాలాసేపు ఏమీ లేదు. ఒకసారి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత బేస్ గిటారు.

సుమన్ మూడో చరణం వాయిస్తున్నాడు. అరమాత్ర ముందే పడింది. ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ముందే పడింది. కాలితో నేల మీద తాళం వేసుకుంటూ, పాటను తనే నోటితో అనుకుంటూ, మళ్ళీ మళ్ళీ వాయించాడు. గంటకు పైగా అదే. ఆదిశేషు ప్రతిసారీ ఆ చరణం కోసం ఎదురుచూశాడు. మధ్యలో ఒకసారి, తెలియకుండానే, ‘ఆగు, ఇప్పుడే కాదు’ అని పైకే అన్నాడు. అన్నమ్మ అతని వైపు చూసింది.

చివరికి సరిగ్గా పడింది. ఆలస్యంగా కాదు, ముందుగా కాదు, పడాల్సిన చోట. సుమన్ చరణమంతా వాయించి, తీగ మీద చెయ్యి పెట్టి మోత ఆపాడు.

“శేషూ, వచ్చింది రా. ఎన్నోసారో లెక్క తప్పినా. రేపు వచ్చినాక విను,” అన్నాడు. సీసా మూత తీసిన చప్పుడు, ఖాళీ సీసాను నేల మీద పెట్టిన చప్పుడు వినిపించాయి. “నీళ్ళు గూడా లేవు. మొగం కడుక్కోని వస్తా,” అని తనలో తనే గొణుక్కున్నాడు. రేకు తలుపు కిర్రుమంది. అడుగులు కంకర మీద పోతూ పోతూ సన్నబడ్డాయి. నోటితో ఆ చరణమే అనుకుంటూ పోయాడు. అది కూడా ఆగిపోయింది.

రికార్డర్ ఆగలేదు. రేకుల మీద పావురాలు తిరుగుతున్నాయి. చాలా దూరం నుంచి మేకల గంటలు. గాలికి తలుపు కొట్టుకుంది. ఆదిశేషు ఆ నిశ్శబ్దంలో ఒక్క చప్పుడు కోసం ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాడు. ఒకచోట ఏదో మోగినట్టయింది. రాయి జారిందో, ఎండకు రేకు పేలిందో. వెనక్కి తిప్పి వినబోతే అన్నమ్మ వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ముప్పై నిమిషాల తర్వాత బ్యాటరీ అయిపోయి రికార్డింగు ఆగింది. ఇద్దరూ లేవలేదు.

“రేపు విను అన్యాడు,” అన్నది అన్నమ్మ. “రేపు అన్యోడు దూకడు.” తర్వాత, తల తిప్పకుండా, జాలిపడి పెట్టుకున్న మాట నిజమేనా అని అడిగింది.

“కాదు పెద్దమ్మా. పాటలన్నీ వాడివే. వాడు లేకుంటే బ్యాండే లేదు. కోపంలో అన్యా.”

“అది వాడికి చెప్పాల్సింది. నాకు చెప్తాండవు.”

ఆమె అతన్ని తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. లేచి పొయ్యి మీద టీ పెట్టింది. ఇద్దరూ తాగారు. వెళ్ళేముందు అతను ఆ ఫైలును కూడా ఆమె స్పీకరులో వేసి ఇచ్చాడు.

ఆ ఆదివారం ఆరాధన అయిపోయాక అన్నమ్మ స్పీకరును చర్చి ముందు అరుగు మీద పెట్టి, ‘రేపు వచ్చినాక విను’ అన్న దగ్గర నుంచి అందరికీ వినిపించిందని తర్వాత తెలిసింది. ఆమె వదిన అక్కడే ఏడ్చిందట. ఆదిశేషు, హెప్సిబా, వినయ్ కుమార్ మాట్లాడుకుని, అన్నమ్మను అడిగి, మిగిలిన నలభై రికార్డింగులను నెట్‌లో పెట్టారు. ఎక్కడెక్కడి వాళ్ళో విన్నారు. నాయనలను దుమ్ముకు పోగొట్టుకున్న వాళ్ళు కొందరు వాటి కింద ఆ నాయనల పేర్లు రాశారు. నలభై ఒకటోది మాత్రం పెట్టలేదు. సరిగ్గా పడిన ఆ చరణాన్ని మిగతా పాటతో కలిపి పూర్తి చేద్దామని వినయ్ అన్నాడు. ఆదిశేషు రెండుసార్లు ప్రయత్నించాడు. రెండుసార్లూ సగంలోనే ఆపేశాడు.

దసరా ముందు ఒక మధ్యాహ్నం స్పీకరు చార్జింగ్ ఎక్కడం లేదని అన్నమ్మ కబురు పంపితే వెళ్ళాడు. వైరు మార్చి ఇచ్చాడు. ఆమె అది తీసుకుని, ఫ్రేముల కట్ట ముందు కూర్చుని, నలభై ఒకటో ఫైలులో చివరి అరగంట పెట్టుకుంది. పాట లేదు, మాట లేదు. పావురాలు, గాలి. ఆమె సుత్తి తీసుకుని మేకులు కొట్టసాగింది. రోజూ పని చేసుకుంటూ ఇదే వింటుందని పక్కింటావిడ గడప దగ్గర ఆదిశేషుతో గుసగుసగా చెప్పింది.

ఏమీ లేని చోటు ఎందుకు వింటున్నావని అతను అడిగాడు.

“మొదుట్లో కొంచెంసేపు వాడు బతికే ఉండాడు గదా, ఆ తలుపు అవతల. ఎంతసేపో నాకు తెలీదు. అందుకని అంతా వింటా,” అన్నది.

ఆదిశేషు చెప్పులు వేసుకోబోయి ఆగాడు. లోపలికి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, ఒక ఫ్రేము తీసుకుని ఆమెకు అందించాడు.