మాటిమాటికీ ఆగిన మోటారు

మోటారు మొదటిసారి ఆగినప్పుడు ఓరిన్‌బాయ్ ఏమీ అనుకోలేదు. అరల్ సముద్రపు చలిగాలికి పాత మోటార్లు దగ్గడం మామూలే. రెండోసారి ఆగినప్పుడు మాత్రం, పడవ ముందుభాగంలో కూర్చున్న బావమరిది జాదిగేర్ వంక ఓ చూపు చూశాడు.

ఊళ్లో ఓ గుసగుస నడుస్తోంది, జాదిగేర్ వచ్చే వసంతానికి తోరెబెక్ పడవ ఎక్కుతాడని. వలలు వేసే చోటు దగ్గర తోరెబెక్‌కీ ఓరిన్‌బాయ్‌కీ ఎప్పుడూ పేచీయే. నా వలలో చేపలు నువ్వు దులుపుకున్నావంటే నువ్వు దులుపుకున్నావని అనుకుంటూనే ఇద్దరికీ గడ్డాలు నెరిశాయి.

"ప్లగ్గులు తడిశాయేమో బావా, ఉండు చూస్తా."

జాదిగేర్ ప్లగ్గులు విప్పి, చొక్కా అంచుతో తుడిచి బిగించాడు. తాడు లాగగానే మోటారు అందుకుంది. కాస్త దూరం పోయాక గుటకలు మింగి మళ్లీ ఆగిపోయింది.

"నువ్వు చెయ్యి వేస్తే పలుకుతుంది, తీస్తే ఆగుతుంది. మంత్రాలు ఎక్కడ నేర్చావురా?" అన్నాడు ఓరిన్‌బాయ్.

"ముసలిదైపోయింది బావా. దానికి అలకలుండవా?"

"దాని సంగతి సరే. పొద్దున రానంటే రానన్నావు. ఎందుకని?"

"పన్ను నొప్పని చెప్పాగా."

"పన్ను నొప్పివాడివి ఇందాక రాయిలాంటి ఎండు పెరుగు ఉండను పటపటా కొరికావే!"

"అది రెండో వైపు."

ఓరిన్‌బాయ్ నవ్వలేదు. దూరంగా, తన వల బుడ్లు తేలే చోట ఒక నీలం పడవ కనిపించింది. తోరెబెక్‌ది. అంచు మీదికి వంగి వల ఎత్తుతున్నాడు.

"ఇదన్నమాట!" అన్నాడు ఓరిన్‌బాయ్. "ఇక్కడ నువ్వు నన్ను ఆపడం, అక్కడ వాడు నా వల ఊడ్చేయడం. నీకెంత వాటా?"

"బావా, రొట్టె మీద ఒట్టు. నాకేం తెలీదు."

"రొట్టెను మధ్యలోకి లాగకు. తెడ్డు పట్టు."

జాదిగేర్ తెడ్డు పట్టాడు. దారి పొడుగునా తల ఎత్తకుండా తెడ్డు వేశాడు. అది కూడా ఓరిన్‌బాయ్‌కి నేరం ఒప్పుకున్నట్టే తోచింది.

దగ్గరికి రాగానే తోరెబెక్ కేకేశాడు. "రావయ్యా రా! మొన్నటి గాలికి నీ వల కొట్టుకొచ్చి నా వలను కౌగిలించుకుంది. చిక్కు విప్పలేక చస్తున్నా."

నిజంగానే రెండు వలలూ జడలా పెనవేసుకుని ఉన్నాయి. అయినా ఓరిన్‌బాయ్ కళ్లు నీలం పడవ అడుగుకే పోయాయి. అక్కడ సుదాక్ చేపలు కుప్పగా పడున్నాయి.

"అవెవరివి?"

"నావి. పేర్లు రాసుంటాయేమో, దిగి చదువుకో," అన్నాడు తోరెబెక్. "మోటారు పెట్టుకుని తెడ్లేమిటి?"

"అది మీ ఇద్దరికే తెలియాలి."

తోరెబెక్ ఈ పడవలోకి దాటాడు. పెట్రోలు గొట్టం మధ్యనుండే రబ్బరు బుడ్డిని వేళ్లతో నొక్కబోయాడు. అది అప్పటికే అణిగి అప్పచ్చిలా ఉంది. పట్టకారు తీసి పెట్రోలు డబ్బా మూత మీదున్న చిన్న మరను వదులు చేశాడు. బుస్సుమంటూ గాలి లోపలికి పోయింది.

"లోపలికి గాలి పోకపోతే పెట్రోలు బయటికెలా వస్తుంది? దీన్నింత గట్టిగా ఎవడు బిగించాడు?"

ఓరిన్‌బాయ్ చెవులు వేడెక్కాయి. ఒడ్డున కట్టిన పడవల్లో పెట్రోలు మాయమవుతోందని విని, నిన్న సాయంత్రం ఎవడి వేళ్లకూ లొంగకుండా తనే మూతనూ దాని మీది మరనూ పట్టకారుతో బిగించాడు. పొద్దున మర వదులు చేయడం మరిచిపోయాడు.

"నేనే," అన్నాడు. "దొంగలున్నారని..."

జాదిగేర్ తన సంచీ భుజానికేసుకున్నాడు. "తోరెబెక్ అన్నా, నీ పడవలో చోటుందా?"

"అడిగింది నేనే కదరా! బావను వదిలి రానన్నావు."

"ఇప్పుడొస్తున్నా."

ఓరిన్‌బాయ్ ఒంటరిగా తిరిగొచ్చాడు. మోటారు ఒక్కసారి కూడా ఆగలేదు. అదొక్కటే శబ్దం పడవలో.

ఒడ్డున భార్య కామ్‌షాత్ ఎదురొచ్చింది. "తమ్ముడేడీ?"

ఏదీ దాచకుండా చెప్పాడు.

"వాడి ఒట్టు కూడా నమ్మలేదా?" అని ఆమె లోపలికెళ్లి అప్పుడే కాల్చిన రొట్టె తెచ్చి చేతిలో పెట్టింది. "ఇది పట్టుకుని వాడింటికెళ్లు."

జాదిగేర్ తలుపు తీశాడు. కూర్చోమన్నాడు. రొట్టె విరిచి ఇద్దరి మధ్యా పెట్టి, పాలు కలిపిన టీ పోశాడు. అతని దవడ ఒక వైపు నిజంగానే వాచి ఉంది.

"తప్పు నాదేరా. రేపు పడవ మీదికి వస్తావా?"

"టీ తాగు బావా, చల్లారిపోతుంది."

సముద్రం గడ్డకట్టాక, మంచు కింద వలలు లాగడం ఒక్కడి వల్ల కాదని జాదిగేర్ తనే వచ్చాడు. మునుపటిలాగే హాస్యాలాడాడు, బావ టోపీని వెక్కిరించాడు. ఓరిన్‌బాయ్ ఆశపడ్డాడు. మంచు విరిగి నీళ్లు తెరుచుకున్న రోజున మాత్రం జాదిగేర్ ఒడ్డుకు వచ్చి, బావకు సలాం చెప్పి, నేరుగా వెళ్లి నీలం పడవ తాడు విప్పాడు.