ఆరు నిమిషాల రేవు

సోమవారం పొద్దున తపాలా అతను రెండు సంచులు తెచ్చి నా బల్ల మీద కుమ్మరించి పోయాడు. అన్నీ పోస్టుకార్డులే. మా కంపెనీ చేసిన "ఆవలి రేవు" అనే వీడియో గేమ్ దుకాణాల్లోకి వెళ్ళి అప్పటికి పది రోజులు. ఆట ఉండే క్యాసెట్ పెట్టెలో ఒక కార్డు పెడతాం. ఆడినవాళ్ళు తమ వయసు, చేసే పని, ఆటలో నచ్చింది, నచ్చనిది రాసి పోస్టులో వేస్తారు. అడుగున "ఏమైనా రాయండి" అని నాలుగు గీతలుంటాయి. వచ్చిన కార్డులు చదివి వేరుచెయ్యడం నా ఉద్యోగం.

నా పేరు సుమియె. అప్పుడు నాకు యాభై మూడేళ్ళు. అంతకుముందు ఇరవై ఏళ్ళు సముద్రం ఒడ్డునున్న ఈ ఓనోమిచి ఊళ్ళోనే పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేశాను, కాబట్టి ఆ పనిలో నాకు వంక పెట్టగల మనిషి ఇంకా పుట్టలేదని నా గట్టి నమ్మకం. ఆఫీసులో అందరూ నన్ను పిన్నిగారూ అని పిలుస్తారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఎవరికి పిన్నిని? తర్వాత అలవాటైపోయింది.

నా దగ్గర మూడు అట్టపెట్టెలుండేవి. మెచ్చుకున్నవి ఒకటి, తిట్టినవి ఒకటి, ఆట సంగతి వదిలేసి ఇంటి కబుర్లు రాసినవి ఒకటి. మూడోదాన్ని ఎవరూ చూడరు. ఏడాది చివర తీసుకెళ్ళి పాత కాగితాల వాడికి వేస్తాం.

"ఆవలి రేవు" కథ చెప్పాలంటే చాలా ఉంది. దీపం పట్టుకుని ఒక పిల్ల ఏడు రాజ్యాలు దాటాలి. కత్తులు, మంత్రాలు, రెక్కల పాములు, అన్నీ ఉన్నాయి. మూడో రాజ్యం చివర ఒక రేవు వస్తుంది. అక్కడ ఎవరూ ఉండరు. పొగమంచు, ఒక బెంచీ, గుంజకు కట్టిన లాంతరు, అంతే. దీపం పిల్ల వెళ్ళి బెంచీ మీద కూర్చుంటుంది. నీళ్ళు రాళ్ళకు తగిలి వెనక్కి పోతుంటాయి. పడవ రావడానికి నిజంగా గడియారంలో ఆరు నిమిషాలు పడుతుంది. ఏ బటన్ నొక్కినా ఆ పిల్ల కాళ్ళు ఊపుతుందే తప్ప ఇంకేమీ జరగదు.

ఐదు నెలలు పదకొండుమందిమి ఆ ఆటను ఆడి తప్పులు వెతికాం. ఆ ఆరు నిమిషాలు తప్పని ఒక్కరికీ తోచలేదు. ఎలా తోస్తుంది? సగంమంది దీవుల నుంచి వచ్చేవాళ్ళు. మిగతావాళ్ళం కిటికీలోంచి రోజంతా పడవలు చూసేవాళ్ళం. రేవుకెళ్ళాక కూర్చోవాలి, పడవ వచ్చినప్పుడు ఎక్కాలి. ఇందులో వింతేముంది? టోక్యోలో పడవ మొహం ఎరగని జనం ఉంటారని మాకు తట్టనే లేదు.

కార్డులు చదవడం మొదలుపెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

"పాముల రాజ్యంలో పాట వింటుంటే నిద్రలో కూడా వినిపిస్తోంది, చాలా బాగుంది. కానీ రేవులో ఆట చచ్చిపోయింది." "మంచుకొండ మీద దీపం ఆరిపోయినప్పుడు ఏడ్చేశాను. రేవులో కూడా ఏడ్చాను, విసుగొచ్చి." నగోయాలో ఒక నర్సమ్మ: "మా వార్డులో కూడా ఇంతసేపు ఎవరినీ కూర్చోబెట్టం." ఒకాయన క్యాసెట్ పాడైందనుకుని ఊడదీసి, నోటితో ఊది, మళ్ళీ పెట్టి, మొత్తం మొదటినుంచీ ఆడి, మళ్ళీ ఆ రేవు దగ్గరే ఊడదీశాడట. అలా మూడుసార్లు. అది చదివి నవ్వాగలేదు నాకు, పాపం.

దుకాణాలవాళ్ళు నవ్వలేదు. పడవ రాని క్యాసెట్ మాకొద్దని జనం వెనక్కి తెచ్చి ఇస్తున్నారని ఫోన్ల మీద ఫోన్లు.

మంగళవారం మా యజమాని తొకుషిగె గారు అందరినీ కూర్చోబెట్టారు. అరవై ఏళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా ఉంటారు. అవసరానికి మించి ఒక్క ముక్క మాట్లాడరు. ఎదురుపడితే తల వంచి వెళ్ళిపోతారు.

"రెండో విడత క్యాసెట్లకి నమూనా శుక్రవారం ఫ్యాక్టరీకి పోతుంది. హమాయీ, ఆ ఆరు నిమిషాలు తీసేసి రెండు సెకన్లు పెట్టు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "సుమియె గారూ, ఆ రేవు నచ్చిందన్నవాళ్ళు ఎవరైనా ఉంటే గురువారం లోపల చూపించండి. ఉంటే ఆలోచిద్దాం."

ఆ రేవును చేసింది హమాయి. నలభై దాటినవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ రోజు మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని సిగరెట్ కాలుస్తుంటే నేనే వెళ్ళి కదిపాను.

"ఏమయ్యా, ఒక్క మాటైనా మాట్లాడవేం? నీ రేవే కదా?"

"ఏం మాట్లాడను పిన్నిగారూ. చెప్పినట్టు చేస్తాను."

"చేసి?"

"చేసి ఇంటికెళ్ళిపోతాను. మా అన్నయ్యకి నారింజ తోట ఉంది. చెట్లకి మందు కొట్టే మనిషి కావాలంటున్నాడు."

"రెండు సెకన్ల దగ్గర నీకింత పంతమా? నిజం చెప్పనా, నాకూ ఆ రేవు విసుగ్గానే ఉంది."

అతనికి కోపం రాలేదు. "మిగతాదంతా ఎవరైనా చేస్తారు. కత్తులు, పాములు అందరి ఆటల్లోనూ ఉన్నాయి. నేను చేసింది ఆ బెంచీ ఒక్కటే. అది కూడా వద్దంటే, ఇంకోటి చెయ్యడానికి నా దగ్గరేం లేదు పిన్నిగారూ" అన్నాడు. నేను లోపలికి వచ్చేశాను.

ఊరికే రాలేదు లెండి. పట్టుదల వచ్చింది. బుధవారం అంతా మెచ్చుకున్న పెట్టెను మూడుసార్లు తిరగేశాను. పాములను మెచ్చారు, పాటను మెచ్చారు, దీపం పిల్ల జడను కూడా మెచ్చారు. రేవు మాట ఎత్తినవాళ్ళు ఒక్కరు లేరు. తిట్టిన పెట్టెలో మాత్రం నూట పన్నెండుమంది.

గురువారం పొద్దున తొకుషిగె గారి బల్ల ముందు నిలబడి, "ఒక్కటి కూడా లేదండీ" అన్నాను. ఆయన తల ఊపారు. హమాయి కొత్త క్యాసెట్ తెచ్చి ఆయన ముందు పెట్టాడు. రాత్రే చేసి పెట్టుకున్నాడట.

ఆ రోజు ఊళ్ళోనూ పొగమంచే. కిటికీలోంచి చూస్తే ఎదుటి దీవి కనబడలేదు, పడవ కూత మాత్రం వినబడింది. అన్నం డబ్బా తెరిచి, తినబుద్ధి కాక, ఏదో ఒకటి చదువుకుందామని మూడో పెట్టె ముందుకు లాక్కున్నాను.

పైన ఉన్న కార్డు సెన్దాయి నుంచి. పందొమ్మిదేళ్ళ అమ్మాయి, రొట్టెల దుకాణంలో పని. నచ్చింది, నచ్చనిది రెండు గళ్ళూ ఖాళీ. అడుగున నాలుగు గీతల మీద ఇలా రాసింది: "మా నాన్న నా గదిలోకి ఎప్పుడూ రారు. నిన్న తలుపు దగ్గర ఆగి, ఏం చెయ్యకుండా కూర్చున్నావేం అన్నారు. పడవ కోసం అన్నాను. వచ్చి పక్కన కూర్చున్నారు. చిన్నప్పుడు చేపల పడవ మీద ఉత్తరానికి వెళ్ళారట. నాకిన్నాళ్ళూ తెలీదు."

సోమవారం దీన్ని నేనే చదివాను. చదివి, ఆట గురించి ఒక్క ముక్క లేదని ఈ పెట్టెలో పడేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

గబగబా రెండోది తీశాను. "కొత్త సంవత్సరం నుంచి అక్కకీ నాకూ మాటల్లేవు. పడవ వచ్చేలోగా ఊరికే ఉండలేక ఉతికిన బట్టలు మడత పెడుతుంటే తను కూడా వచ్చి ఒక దుప్పటి కొస పట్టుకుంది." ఇంకోటి: "మంచు కురుస్తోంది. ఎప్పుడు మొదలైందో చూసుకోలేదు. ఎదురుచూస్తూ తల తిప్పితే కనబడింది." అరవై ఎనిమిదేళ్ళ బస్సు డ్రైవరు, ఉద్యోగం మానేసినవాడు: "ఆ పిల్ల కాళ్ళు ఊపుతుంటే నేనూ ఊపాను. మా ఆవిడ నవ్వింది. నవ్వి చాలా రోజులైంది."

ఎవరూ రేవు బాగుందని రాయలేదు. చాలామంది రేవు అన్న మాటే రాయలేదు. ఆ ఆరు నిమిషాల్లో తమ ఇంట్లో ఏం జరిగిందో రాశారు. నేను పోస్టాఫీసులో ఊరి పేరు చూసి ఉత్తరాలు వేరుచేసినట్టు, మాట చూసి కార్డును పెట్టెలో వేశాను. చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. ఏం చేస్తున్నావని తలుపు దగ్గర నిలబడి అడిగే మనిషి మా ఇంట్లో లేక అప్పటికి నాలుగేళ్ళు.

అన్నం డబ్బా అక్కడే వదిలేసి పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళాను. తొకుషిగె గారు కొత్త క్యాసెట్‌ను కవరులో పెట్టి అంటిస్తున్నారు.

"అంటించకండి! ఇవి చదవండి ముందు."

ఆయన నిలబడే నాలుగైదు చదివారు. "ఇవి ఆట గురించి కాదు కదా సుమియె గారూ" అన్నారు నెమ్మదిగా.

ముక్కు మీద కోపం నాకు పుట్టుకతో వచ్చింది. "నేనూ అలా అనుకునే కొంప ముంచాను! మీరు ఆ రేవులో ఒక్కసారైనా కూర్చున్నారా?"

ఆయన ముఖంలో ఏమీ కనబడలేదు. "లేదు. నాకు నివేదిక చూపించారు" అన్నారు. కవరు పక్కన పెట్టి, "హమాయీ, పాతది పెట్టు" అన్నారు.

చిన్న గదిలో టీవీ ముందు ముగ్గురం చాప మీద కూర్చున్నాం. తొకుషిగె గారు మధ్యలో, హమాయి అటు, నేను ఇటు. దీపం పిల్ల మెట్లు దిగి వచ్చి బెంచీ మీద కూర్చుంది. తెర మీద మంచు, కిటికీలో మంచు. మొదటి నిమిషం మహా ఇబ్బందిగా గడిచింది. హమాయి తన మోకాళ్ళకేసి చూసుకుంటున్నాడు. తొకుషిగె గారు వాచీ చూసుకున్నారు. నీళ్ళ చప్పుడు టీవీలోంచి వస్తోందో బయట రేవులోంచి వస్తోందో కాసేపటికి నాకు తెలియలేదు. లాంతరు వెలుగు మంచులో కొద్దిగా పెద్దదవుతూ, చిన్నదవుతూ ఉంది. నా భుజాలు వాటంతట అవే కిందికి దిగాయి. వాచీ చూడటం ఆయన ఎప్పుడు మానేశారో గమనించలేదు.

"మీ ఆయన పోయినప్పుడు నేను వచ్చాను" అన్నారు తొకుషిగె గారు.

నాకు ముందు అర్థం కాలేదు. ఆయన తెర మీదినుంచి చూపు తిప్పలేదు.

"మీ ఇంటి వీధి మలుపుదాకా వచ్చాను. చావింటికి వేసుకెళ్ళే నల్ల కోటు కూడా వేసుకున్నాను. లోపలికొచ్చి మీతో ఏమనాలో తెలీలేదు. అక్కడే చాలాసేపు నిలబడి వెనక్కి వెళ్ళిపోయాను. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ తర్వాత మరీ ఆలస్యమైపోయింది."

నాలుగేళ్ళు. ఆఫీసు నుంచి అందరూ వచ్చారు, ఈయనొక్కడే రాలేదని నాలుగేళ్ళు ఈ మనిషిని మనసులో దుమ్మెత్తిపోశాను. గుండె రాయి అనుకున్నాను. టీ ఇచ్చినప్పుడల్లా చల్లారాక ఇచ్చాను, కావాలనే.

"రావాల్సింది" అన్నాను. "ఏమీ అనక్కర్లేదు. వచ్చి కూర్చుంటే సరిపోయేది."

"అవును" అన్నారాయన. "ఇలాగే కదా."

అప్పుడు మంచులోంచి పడవ వచ్చింది. ముందు దీపం, తర్వాత ముక్కు, తర్వాత పడవంతా. వచ్చి బెంచీ ముందు ఆగింది. బటన్లు తొకుషిగె గారి చేతిలో ఉన్నాయి. పిల్లను పడవ ఎక్కించే బటన్ ఆయన నొక్కలేదు. హమాయి చెప్పలేదు, నేను చెప్పలేదు. పడవ కొంచెంసేపు ఊగుతూ ఆగి, మెల్లగా వెనక్కి తిరిగి మంచులోకి వెళ్ళిపోయింది.

"పోయింది" అన్నారాయన, ఏదో తప్పు చేసినవాడిలా.

"ఫరవాలేదండీ. ఆరు నిమిషాలాగితే ఇంకోటి వస్తుంది" అన్నాడు హమాయి.

తొకుషిగె గారు మోకాలి మీద లేచి, తలుపు కొంచెం తెరిచి, "ఫ్యాక్టరీకి పాతదే పంపండి. ఏమీ మార్చొద్దు" అని బయటివాళ్ళకు చెప్పి తలుపు మూసేశారు. హమాయి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. నేను వాడి వీపు మీద ఒక్కటి చరిచాను, గట్టిగానే.

ఆయన మళ్ళీ వచ్చి మా మధ్య కూర్చున్నారు. తెర మీద ఆ పిల్ల కాళ్ళు ఊపుతోంది.

"మీ ఆయన పేరేమిటి?" అని అడిగారు.

"సెయిజి" అన్నాను.