కాంటా మీద కౌసల్య

"మొగులన్నా, నీ పెండ్లాం ఎక్కితే మన కాంటా ఆగుతదా?" అన్నాడు హమాలీ సంగప్ప.

పల్లీల మిల్లు షెడ్డులో ఉన్న మగవాళ్ళంతా నవ్వారు. కాంటా పక్కన స్టూలు మీద కూర్చున్న మొగులయ్య కూడా నవ్వాడు. ఒక చేత్తో బువ్వ గిన్నె, చంకలో ఐదు నెలల పిల్లతో గడప దగ్గర నిలబడ్డ కౌసల్యకు సంగప్ప నవ్వు పెద్దగా తగల్లేదు. వాడు పొద్దంతా బస్తాల కింద నలిగేవాడు, ఎవరినో ఒకరిని ఏదో అనకపోతే వాడికి పొద్దు పోదు. తగిలింది మొగుడి నవ్వు.

పటాన్‌చెరు చుట్టుపక్కల రైతులకు ఉత్త మొగులయ్య తెలియకపోవచ్చు గాని కాంటా మొగులయ్య అంటే తెలియనివాడు లేడు. బొంబాయి రోడ్డు పొడుగునా కొత్త ఫ్యాక్టరీల గోడలు లేస్తున్న రోజులవి. ఎన్ని గోడలు లేచినా పల్లి బండ్లు మాత్రం ఈ మిల్లు ముందే ఆగేవి. పెళ్ళైన నెలకే అతను కౌసల్యను ముచ్చటపడి ఆ కాంటా ఎక్కించాడు. నలభై ఆరు కిలోలు. "బస్తాల సగమున్నది నా పెండ్లాం" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ తర్వాత పెళ్ళిరోజు మరిచిపోయాడు, పిల్ల ఏ వారం పుట్టిందో మరిచిపోయాడు. నలభై ఆరును మాత్రం మరవలేదు.

ఐతారం నాడు మళ్ళీ ఎక్కించాడు. యాభై ఎనిమిది.

"పన్నెండు కిలోలు! పిల్ల బయటికొచ్చింది గద, ఇంక లోపలేమున్నది?" అన్నాడు. సంగప్ప పక్కనే ఉన్నాడు. ఇంకో ఇద్దరున్నారు.

ఇంటికొచ్చాక అత్త పోశమ్మ తీర్పు చెప్పింది. "తల్లిగారింట్ల కుడుకలు, బెల్లం, నెయ్యి మెక్కపెట్టి పంపిన్రు. పనిపాటలుంటే ఒళ్ళు అదే కరుగుతది." ఆ రోజే బెల్లం, నెయ్యి, ఎండుకొబ్బరి కుడుకలు సందూకులోకి పోయాయి. సందూకు తాళంచెవి పోశమ్మ మొలతాడుకు పోయింది. కౌసల్య కంచంలోకి పూటకొక జొన్నరొట్టె, పప్పు మీది తేట మిగిలాయి.

పని సంగతి చెప్పనక్కర్లేదు. నీళ్ళు మోసే మనిషిని మాన్పించారు. బావి నుంచి బిందెలు మోయడం కసరత్తట. గిర్నీకి పోయే జొన్నలు ఇంట్లో ఇసుర్రాయికి వచ్చాయి. విసరడం భుజాలకు మంచిదట. పోశమ్మ అప్పటిదాకా తన వంతు చేసే అలుకుడు, ఊడ్పు కూడా కోడలి ఆరోగ్యం కోసం వదిలిపెట్టి, ఎండలో మంచం వేసుకుని ఆ ఆరోగ్యాన్ని చూస్తూ కూర్చుంది. ఇంటి చాకిరీకి కూలి ఎట్లాగూ లేదు, ఇప్పుడు దాన్ని కోడలికి చేసే మేలు కింద లెక్కేశారు. ఇంకా నయం, విసిరినందుకు కౌసల్యనే ఎదురు కూలి ఇమ్మనలేదు.

అందులో ఆమెకు నచ్చింది ఒక్కటే, నడక. తెల్లవారుజామున పిల్లను చెంగుతో కట్టుకొని లక్డారం తోవ వెంట రాళ్ళగుట్ట దాకా పోయి వచ్చేది. ఎవరూ పిలవరు, ఎవరూ ఏదీ తెమ్మనరు. పిల్ల కళ్ళు విప్పి చూసేది. ప్రసవమైనప్పటి నుంచి తనది కాదన్నట్టున్న ఒళ్ళు ఆ తోవలో మళ్ళీ తనదయ్యేది. నడుం నిలబడుతోంది. రవిక చేతులు వదులయ్యాయి. లంగా బొందు వేలెడు లోపలికి ముడిపడుతోంది. అవన్నీ ఆమెకు తెలుస్తూనే ఉన్నాయి. అడిగినవాళ్ళు మాత్రం లేరు. ఆ ఇంట్లో అడిగేది కాంటానే.

కాంటా ఏం చెప్పింది? మొదటి ఐతారం రెండు కిలోలు తగ్గిందంది. మొగులయ్య మీసం దువ్వాడు. తర్వాతి ఐతారం కిలో పెరిగిందంది.

"ఏం దొంగతిండి తిన్నవ్?" అన్నాడు అందరి ముందు.

"ఏం తినలే. మొన్న ఒళ్ళునొప్పులతోని పండుకున్న. అత్త పెట్టిన ఉప్పు చేప..."

"ఉప్పు తింటే కిలో పెరుగుతరా? కాంటా అబద్ధమాడదు. మనిషి ఆడుతది."

కాంటా అబద్ధమాడదు. ఆ మాట ఆమె చెవుల్లో ఇసుర్రాయిలా తిరిగింది. తను విసిరిన జొన్నలు, మోసిన బిందెలు, రాత్రిళ్ళు పిల్లకిచ్చిన పాలు, ఆకలికి కడుపు పట్టుకొని పడుకున్న పూటలు ఏ కాంటాకూ ఆనవు. కాంటా కడ్డీ మీది ఇనుప బిళ్ళ అటు జరిగితే మంచి ఆడది, ఇటు జరిగితే దొంగ. ఇంట్లో దాని మాటకున్న విలువ తన మాటకు లేదు. పెళ్ళినాడు వంటిల్లు చూపించి "ఇదంతా నీదే" అన్నారు. నీదే అన్న ఇంట్లో బెల్లంగడ్డ ముట్టుకుంటే దొంగతనం ఎట్లా అవుతుందో, అట్లా అన్నవాళ్ళనే అడగాలి. వీళ్ళ నోట్లో మన్ను పొయ్య, అనుకుంది. అనుకున్నందుకు భయం వేయలేదు. అదే ఆమెకు కొత్తగా ఉంది.

పిల్ల రాత్రంతా ఏడవడం మొదలుపెట్టింది. రొమ్ము పట్టుకుని, లాగి లాగి, వదిలేసి, పిడికిళ్ళు బిగించి ఏడ్చేది. నడక మొదలైన కొత్తలో దవాఖానాకు సూది వేయించడానికి తీసుకుపోయినప్పుడు, నర్సమ్మ హైమావతి పిల్లను తూచి "ఐదున్నర కిలోలు, బాగుంది" అని, తల్లిని ఎగాదిగా చూసి, "పాలిచ్చేదానివి, పస్తులుండకు. బరువంటావా, ఇవాళ ఒకలా ఉంటుంది, రేపు ఒకలా ఉంటుంది. కడుపు మాత్రం మాడ్చుకోకు తల్లీ" అంది. ఆ మాట కౌసల్య ఇంట్లో చెప్పింది.

"కోస్తా నుంచి వచ్చినామెకు సూదులెరుక. బరువు సంగతి నాకు చెప్తదా?" అని మొగులయ్య చెయ్యి కడుక్కున్నాడు.

కార్తీకంలో అదను తప్పి వాన పడింది. మరునాడు బువ్వ గిన్నె తీసుకుని కౌసల్య మిల్లుకు పోయేసరికి కాంటా దగ్గర గొడవ. లక్డారం రైతు పెద్దరాములు గొంతు చించుకుంటున్నాడు.

"నీ కాంటానే గద చెప్పింది! నిన్నటికన్న బస్తాకు మూడు కిలోలు ఎక్కువ తూగినయి. తరుగు ఎందుకు తీస్తవ్?"

మొగులయ్య బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు కాయ తీసి, గలగలమంటుందేమోనని చెవి దగ్గర ఊపి, ఎంతో నెమ్మదిగా చెప్పాడు. "కాయ నీళ్ళు తాగింది రాములన్నా. బరువు పెరిగిందంటే గింజ పెరిగినట్టు గాదు. రేపు ఎండ గొడితే దిగుతది, ఎల్లుండి మంచు పడితే ఎక్కుతది. ఒక్క దినం తూకం తూకమే గాదు. తడికింత తరుగు తీస్త, లేకుంటే ఆరబోసుకొని నాలుగొద్దులు ఓపిక పట్టు."

కౌసల్య గడప దగ్గరే ఆగిపోయింది. ఆ గొంతు తన మొగుడిదే. ఆ ఓపికా అతనిదే. ఇంటికొచ్చేటప్పుడు అదంతా ఎక్కడ వదిలి వస్తాడు?

అతను తిని బస్తాల మీద ఒరిగి గురక పెడుతున్నప్పుడు, పిల్లను మడతపెట్టిన గోనెల మీద పడుకోబెట్టి కాంటా ఎక్కింది. రెండేళ్ళుగా చూస్తోంది, ఇనుప బిళ్ళ జరపడం బ్రహ్మవిద్యా? తూచుకుంది. దిగి పిల్లకు పాలిచ్చింది, మళ్ళీ ఎక్కింది. వెంట్రుకవాసి తగ్గింది. కడవలోంచి పెద్ద చెంబెడు నీళ్ళు తాగి ఎక్కింది. బిళ్ళ మొదట తూగిన గీతను కూడా దాటి పోయింది. చెంబెడు నీళ్ళు! నెల రోజులుగా తన్ను దొంగను చేసింది ఇదా? బిళ్ళను వెనక్కి జరిపి, దిగి పిల్లను ఎత్తుకుంది.

ఆ ఐతారం పోశమ్మ కూడా మిల్లుకు వచ్చింది, కోడలి దొంగతనం కళ్ళారా చూద్దామని. పిల్ల ఆమె ఒళ్ళో ఉంది. ఆరబోసిన పల్లీలు మళ్ళీ తూపించుకోవడానికి పెద్దరాములు బండితో వచ్చి ఉన్నాడు. కౌసల్యకు పొద్దుటి నుంచే పొత్తికడుపు బిగిసి, పాదాలు బరువెక్కి ఉన్నాయి. ఎక్కింది.

"యాభై తొమ్మిది!" మొగులయ్య లేచి నిలబడ్డాడు. "నెల దినాలు తక్కువ తిని ఎక్కువైనోళ్ళను ఎన్నడన్న చూసినవా సంగప్పా? అమ్మా, తాళంచెవి ఎవలకాడుంటది?"

"నా మొలకే ఉంటది బిడ్డా. నేను నిద్రపోతే ఏమైతదో ఎవలకెరుక!"

"ఇగ రాత్రి బువ్వ బంద్. దిగు!"

కౌసల్య దిగలేదు. "రాములన్నా, నీ పల్లీలు ఎక్కువ తూగినయని మొన్న మా ఆయనేం జెప్పిండు?"

పెద్దరాములు బిత్తరపోయాడు. "గదే చెల్లె... బరువు పెరిగితే గింజ పెరిగినట్టు గాదన్నడు. ఒక్క దినం తూకం తూకమే గాదన్నడు."

"గా మాట నాకెందుకు చెప్పలేదో అడుగు. పాలు మోస్తున్న, తాగిన నీళ్ళు మోస్తున్న. కసరత్తు పేరుమీద ఇంటెడు చాకిరీ చేసి ఒళ్ళు పొంగింది. కాన్పైనంక ఇయ్యాల మొదటిసారి ముట్టొచ్చేటట్టున్నది. తడిసిన పల్లికాయకు తరుగు తీస్తడు, పెండ్లానికి తియ్యడా?"

"సిగ్గు లేదే! మగోళ్ళ ముంగట ముట్టు ముచ్చటనా?" అన్నాడు మొగులయ్య.

"ఐతారం ఐతారం గీ మగోళ్ళ ముంగటనే తూచినవ్. నీకు రాని సిగ్గు నాకెందుకొస్తది?"

సంగప్ప తల దించుకుని లేని బస్తా కోసం వెతికాడు.

కౌసల్య దిగింది. అత్త ఒళ్ళోంచి పిల్లను తీసుకుని, నూనె తీశాక మిగిలే పల్లి చెక్క తూచే చిన్న తక్కెడ దగ్గరికి నడిచింది. చెంగు మడతపెట్టి పల్లెంలో వేసి, పిల్లను దాని మీద పడుకోబెట్టి వీపు కింద చెయ్యి ఆనించింది. "నర్సమ్మ తూచిననాడు ఐదున్నర. పెట్టు రాళ్ళు."

మొగులయ్య చేతులకు అలవాటైన పని. ఐదు కిలోల రాయి, అర్ధకిలో రాయి పెట్టాడు. ఆమె చెయ్యి తీసింది. పిల్ల ఉన్న పల్లెం పైకి లేచింది.

అర్ధకిలో తీసి పావుకిలో పెట్టాడు. తక్కెడ నిలబడింది. తూచిన ప్రతి బస్తానూ షెడ్డు దద్దరిల్లేటట్టు చదివే మనిషి ఈ తూకాన్ని పైకి చదవలేదు.

"నా మీద ఎక్కిందని అరిచినవ్. పిల్ల మీదికెళ్ళి దిగింది చూసినవా? దీనికి వాన పడలే, ఎండ గొట్టలే. గీ తరుగు ఎవలు తీసిన్రు?"

కౌసల్య పిల్లను భుజాన వేసుకుని బయటికి నడిచింది. గేటు దగ్గర ఆగి, వెనకే తడబడుతూ వచ్చిన అత్త ముందు చెయ్యి చాపింది. పోశమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు ఇంకా తక్కెడ వైపే చూస్తున్నాడు. ముసలి వేళ్ళు చాలాసేపు ముడితో కుస్తీ పట్టి తాళంచెవి విప్పాయి.

మొగులయ్య ఇల్లు చేరేసరికి అన్నం ఉడికిన వాసన, నెయ్యి కాగిన వాసన. పోశమ్మ చీపురు పట్టుకుని వాకిలి ఊడుస్తోంది. అతను రోజులాగే పీట మీద కూర్చున్నాడు. కంచం రాలేదు. తలెత్తి చూస్తే, ఎదురుగా గోడకానుకుని కౌసల్య తింటోంది. ఒళ్ళో పిల్ల పాలు తాగుతోంది. ముద్ద తరవాత ముద్ద, తొందర లేకుండా.

అతను గొంతు సవరించుకున్నాడు.

"రేపటి సంది నీళ్ళ మనిషిని రమ్మని చెప్పిన" అంది కౌసల్య, తల ఎత్తకుండానే. "పొద్దున నడక మాననుగని, గది నా కోసం. ఇగ కాంటా ఎక్క."

అతను పీట మీద కదిలాడు. "ఆకలైతున్నదే..."

ఆమె బెల్లంగడ్డ కొరికి, నెమ్మదిగా నమిలి మింగింది.

"జెర ఓపిక పట్టు" అంది. "నేను తింటున్న."