కంఠతా వచ్చిన కంటి బోర్డు

ఆఖరి వరుసలో నల్లరంగు కాస్త పలచబడి ఉండాలి, అప్పటికి డబ్బా అడుగంటింది కదా, అనుకుంటున్నాడు పెయింటర్ బాబాయ్, ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని, మందు వేయించుకున్న కుడి కన్నును ఎదురుగోడకు అప్పగించి, ఆ గోడ మీది రేకు బోర్డు పద్దెనిమిదేళ్ళ క్రితం ఈ కంటాసుపత్రి తెరిచిన రోజున తను రాసిందే, పైన గుమ్మడికాయంత అక్షరం నుంచి కింద ఆవగింజంత అక్షరం దాకా అక్షరాలా తన చేతి రాతే, అందుకే రెండేళ్ళుగా ఎప్పుడు చదవమన్నా గడగడా అప్పచెప్పేసి, చూపు భేషని అనిపించుకుని, ఛాతీ విరుచుకుని బయటపడ్డాడు, పడి, మందుల షాపు గోడ మీద నిలువు గీత గీస్తే అది తాగినవాడి నడకలా వంకర్లు పోయింది, వంకర గీతదా గోడదా బాబాయ్ అని షాపాయన అడిగితే గోడదే అన్నాడు, గోడ ఎలాగూ నోరు విప్పదు.

నోరు విప్పింది ఇంటావిడ, నెల క్రితం ఇదే కుర్చీలో సంచి ఒళ్ళో పెట్టుకుని, ఈయనకు మీ బోర్డు కనిపిస్తోంది గానీ ఎదురుగా ఉన్న నేను కనిపించట్లేదమ్మా, అది పాత జబ్బే అనుకోండి, ఈమధ్య కాఫీ కప్పు పక్కన పోస్తున్నారు, అనేసింది, దాంతో డాక్టరమ్మ, కూతురి వయసు పిల్ల, కంట్లోకి నానో రేణువులు పంపుదాం అంది, నానో అంటే నానబెట్టాలా అమ్మా, కాదు బాబాయ్‌గారూ, వెంట్రుక మందంలో వెయ్యో వంతు నలుసులు, ఇంట్లో చక్కెర ఎక్కడ దాచినా చీమలు కనిపెట్టి పోవూ, ఇవీ అంతే, కంటి వెనక కారుతున్న రక్తనాళాన్నే వెతికి పట్టుకుంటాయి, కెమెరాలో మెరుస్తాయి, మోసుకెళ్ళిన మందు అక్కడే దింపుతాయి, అహా, కంట్లో నలుసు పడితే లోకం ఊదించుకుంటుంది, నేను సూదితో వేయించుకోవాలన్నమాట, తీరా సూది పడ్డాక కెమెరా తెర మీద చూపు నట్టనడుమ పచ్చటి మచ్చ మిలమిలలాడింది, ఇంత మచ్చతో ఆఖరి వరుస ఎలా చదివారండీ అంటే, అభ్యాసం అమ్మా అన్నాడు, అది మాత్రం అబద్ధం కాదు.

ఇవాళ మచ్చ చిక్కిపోయిందట, చూపు ఎంత తేరిందో తేలాలట, మీరు చదివేదాన్ని బట్టే రెండో సూది అంటోంది డాక్టరమ్మ, చదవడమెంత, అన్ని వరుసలూ నాలుక చివరే ఉన్నాయి, దులిపితే రాలతాయి, సూది తప్పుతుంది, సూది తప్పి కన్ను పోతే, రేపటి నిలువు గీతకు నోరు సాయం వస్తుందా, పక్కన ఇంటావిడ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఆవిడ తనకు కనిపించని రోజుల్లోనూ తనను కనిపెట్టుకునే ఉంది, అమ్మా డాక్టరూ, ఆ బోర్డు నేను రాసిందే, కంఠతా వచ్చు, రెండేళ్ళుగా చదివింది కన్ను కాదు, నోరు, ఓరి దేవుడా, మీ కంట్లో మచ్చకు నన్ను కప్పు కడగలేదని కూడా సాధించారు కదండీ అని ఇంటావిడ, నవ్వాలో తిట్టాలో తెలియని డాక్టరమ్మ, ఉండండి, వేరే బోర్డు తెస్తాను.

డాక్టరమ్మ లేచింది, ఇక అప్పచెప్పే పని లేదు గనుక మొట్టమొదటిసారి ఊరికే చూశాడు, బోర్డు అంచున నిలువు గీత నిలువుగానే ఉందే, మూడో వరుస తేటగా, నాలుగోది కొంచెం మసగ్గా, ఆ కిందంతా మబ్బు, నాలుగో వరుసలో ఆ చుక్కేమిటి, రంగు చిందిందా, ఛ, తన కుంచె చిందదు, చుక్క కదిలింది, ఆగింది, పక్క అక్షరం ఎక్కింది, ఆగమ్మా, నాలుగో వరుసలో నేను రాయనిది ఒకటుంది, అది నడుస్తోంది, డాక్టరమ్మ ముక్కు బోర్డుకు ఆనించి, చీమ, బాబాయ్‌గారూ, చీమే, అని గెంతినంత పనిచేసింది, ఇంటావిడ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది, అదే కంటితో ఆవిడ వైపు తిరిగాడు, చెవి పైన ఆ వెండి పాయ ఎప్పుడొచ్చింది, ఈవిణ్ణీ ఇన్నాళ్ళూ కంఠతానే చదువుతున్నాడన్నమాట, ఏమిటలా చూస్తారు, కొత్తగా, కొత్తగానే, చీమ కిందికి దిగి ఐదో వరుస మబ్బులో మాయమైంది, అది ఎటు పోయిందో తనకు తెలియదు, ఎంత బాగుందో తెలియకపోవడం, తెలియనిది కనబడితేనే కదా చూపు, రెండో సూది ఎప్పుడమ్మా, అన్నాడు.