విరామంలో పోట్లాట

ఆ ఆదివారం ఆర్కెస్ట్రా కచేరీ మొదలయ్యే వేళకు పద్నాలుగో సీటు ఖాళీగా ఉంది.

పక్కన పదమూడో సీటులో కూర్చున్న కళ్ళజోళ్లావిడ ఆ ఖాళీ వంక చూసింది. వాచీ చూసుకుంది. మళ్ళీ ఖాళీ వంకే చూసింది. ఇరవై ఒక్కేళ్ళలో ఆ సీటు మనిషి ఒక్క కచేరీ మానలేదు. కాలు విరిగినప్పుడు చంకకర్రలతో బాల్కనీ మెట్లెక్కాడు. విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టిన వారం కూడా వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆ రోజు విరామంలో ఇద్దరూ వయొలిన్ల గురించి ఎప్పటిలాగే పోట్లాడుకున్నారు.

అవును, విడిపోయినవాళ్ళే. అతను లిఫ్టు మెకానిక్. ఆమెకు నాలుగు రోడ్ల కూడలిలో కళ్ళజోళ్ల దుకాణం. పన్నెండేళ్ళ కాపురంలో మెకానిక్ ఒక్కనాడూ గొంతు పెంచి ఎరగడు. కూరలో ఉప్పు ఎక్కువైనా సరే అన్నాడు. గోడలకు ఏ రంగు వేయిద్దామన్నా సరే అన్నాడు. నాలుగు రోజులు పుట్టింటికి పోతానంటే సరే, పోనంటే అదీ సరే. మనిషితో కాకుండా గోడతో కాపురం చేస్తున్నట్టనిపించి, ఒకరోజు ఆమె విడిపోదామంది. దానికీ సరే అన్నాడు.

సామాను పంచుకోవడానికి అరగంట పట్టలేదు. చిక్కంతా హాల్లోని ఏడాది సీట్ల దగ్గర వచ్చింది. ఇద్దరిలో ఒకరు వేరే వరసకు మారితే మంచిదని లాయరు సలహా ఇచ్చాడు. ఇద్దరూ ఒక్కసారిగా ఆయన మీద విరుచుకుపడ్డారు. ఇంత ఒకే మాట మీద ఉన్నవాళ్ళు విడిపోవడం దేనికమ్మా అని ఆయన తల పట్టుకున్నాడు.

లాయరుకు తెలియని సంగతి ఒకటుంది. హాల్లో అడుగుపెడితే ఆ మెకానిక్ వేరే మనిషి. వాద్యాలు శ్రుతి చేసుకునే గందరగోళం మొదలవగానే అతని మొహంలో వెలుగు వచ్చేది. మోటారు చప్పుడు విని ఏ బేరింగు అరిగిందో చెప్పే చెవులవి. ఆ చెవులతో, కళ్ళు మూసుకుని, మోకాలి మీద చూపుడువేలు మాత్రం కదిలిస్తూ వినేవాడు. ఆమె కళ్ళ మనిషి. ఏ వయొలిన్ కమాను ముందు లేచింది, ఏది వెనకబడింది, ఊది ఊది ఎవరి చెంపలు ఎర్రబడ్డాయి, అన్నీ చూసేది. విరామం గంట మోగగానే మొదలయ్యేది యుద్ధం. నువ్వు కచేరీ చూడ్డానికి వస్తావని అతను, నువ్వు నిద్రపోవడానికి వస్తావని ఆమె. టీ చల్లారిపోయేది. చుట్టుపక్కలవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఇంట్లో పన్నెండేళ్ళలో పలకని మాటలు ఆ ఇరవై నిమిషాల్లో పలికేవాడు. విడాకులతో ఆమెకు కలిసొచ్చింది ఒకటే, పోట్లాటలో అడ్డంపడే ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది.

పక్షానికి ఒక ఆదివారం, సాయంత్రం నాలుగింటికి. కాపురంలో బతికి బట్టకట్టింది అదొక్కటే.

సీటు ఖాళీగా ఉన్న ఆ ఆదివారం విరామంలో ఆమె ఒంటరిగా టీ తాగింది. వేడిగా తాగడం వల్ల నాలుక కాలింది.

పదిహేను రోజుల తర్వాత పద్నాలుగో సీటులో మనిషి ఉంది. మెకానిక్ కాదు, అతని చెల్లెలు. బడిలో డ్రిల్లు టీచరు. మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు వినిపించే గొంతు. పాత ఆడపడుచును చూడగానే కళ్ళజోళ్లావిడకు ఒళ్ళు మండింది. సీటు వదిలేసి, ఉక్రోషం తీర్చుకోవడానికి చెల్లెల్ని పంపాడనుకుంది. పైగా ఆ మహాతల్లి మొదటి కృతి సగంలో చాక్లెట్ కాగితం గరగరమని విప్పింది. రెండోది మొదలయ్యాక, ఇంకా ఎంతసేపు వదినా అని చెవిలో అడిగింది. ముందు వరసవాళ్ళు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు.

విరామంలో ఆమె సూటిగా అడిగేసింది, మీ అన్నయ్య ఏడీ అని. డ్రిల్లు టీచరు టీ కప్పులోకి చూస్తూ చాలాసేపు చక్కెర కలిపింది.

“ఊపిరితిత్తులు, వదినా. ఆస్పత్రిలో ఉన్నాడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు.”

“మరి చెప్తున్నావేం?”

“నువ్వు అడిగావుగా. అడక్కపోతే చెప్పొద్దన్నాడేమో అనుకున్నా.”

మిగతాది ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చింది. ఆక్సిజన్ సిలిండరు లేకుండా గంటసేపు కూర్చోలేడు. డాక్టర్లు గట్టిగా ఏమీ చెప్పడం లేదు, చెప్పకపోవడంలోనే తెలుస్తోంది. వరసగా మూడు కచేరీలు సీటు ఖాళీగా ఉంటే హాలువాళ్ళు దాన్ని వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. అందుకని, నా సీటు కాపాడవే అని చెల్లెల్ని పంపాడు. ఇప్పుడు తిరిగి వెళ్ళగానే కచేరీ ఎలా ఉందో చెప్పాలి. అదే ఆవిడ భయం.

“బాగుంది అంటే ఊరుకోడు వదినా. ఏం బాగుంది అంటాడు. నాకు తెలిసిన వాద్యం ఈల ఒక్కటే. నువ్వే ఏదో ఒకటి చెప్పి పుణ్యం కట్టుకో.”

ఆమె టీ కప్పు పక్కన పెట్టింది. తర్వాత అంది, ఫ్లూట్ పిల్ల తొందరపడిందని చెప్పు, నా కళ్ళతో చూశానని చెప్పు.

మర్నాడు పొద్దున దుకాణంలో ఆమె లెన్సు అంచు సానపడుతుంటే ఫోన్ మోగింది. డ్రిల్లు టీచరు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాననుకుంటూ అరుస్తోంది. ఫ్లూట్ పిల్ల తొందరపడదట. జన్మలో తొందరపడలేదట. వెనకాల ఉన్న పెద్ద డోలాయన తాళం ఈడ్చాడట, అందుకని పాపం ఆ పిల్ల తొందరపడినట్టు కనబడిందట. నువ్వు వినకుండానే ఎలా చెప్తావని తను అడిగితే, ఆ డోలాయన పదేళ్ళ నుంచీ ఈడుస్తూనే ఉన్నాడు, ఇవాళ కొత్తగా వినాలా అన్నాడట.

“నీవి చెవులు కావట, కళ్ళజోడు తగిలించుకోడానికి పెట్టిన కొక్కేలట. ఇది నా మాట కాదు వదినా, ఆయన మాట.”

కళ్ళజోళ్లావిడ పడీ పడీ నవ్వింది. ఎదురుగా కుర్చీలో అక్షరాల పలక చదువుతున్న పెద్దమనిషి తను తప్పు చదివానేమోనని మళ్ళీ మొదటి వరస అందుకున్నాడు. ఆమె లోపలి గదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది. సానరాయి మీద లెన్సు పాడైపోయింది.

అలా సాగింది. కచేరీ అయిన రాత్రి ఇటునుంచి ఒక మాట వెళ్ళేది, తెల్లారేసరికి అటునుంచి రెండు వచ్చేవి. మధ్యలో నలిగిపోయేది డ్రిల్లు టీచరు. ఈ వయొలిన్లూ ఫ్లూట్లూ నా నెత్తిన పెట్టారేమిటని విసుక్కుంటూనే, ఒక్క ముక్క పొల్లు పోకుండా మోసేది. పోట్లాట ఉన్న రోజున అన్నయ్య నాలుగు ముద్దలు ఎక్కువ తింటున్నాడని కూడా చెప్పింది. ఆస్పత్రికి వస్తానని ఆమె రెండుసార్లు అడిగింది. వద్దన్నాడు. కలిస్తే హాల్లోనే కలుద్దామన్నాడు. ఆ ఏడాదికి చివరి కచేరీ ఇంకా ఆరు వారాలు ఉంది. దానికి వచ్చి తీరతానన్నాడు.

ఆమె ఆ మాట పట్టుకుంది. ఇంకేమీ అక్కర్లేదు, ఒక్క సాయంత్రం ఆ పక్క సీటులో అతను ఉండాలి.

వస్తానన్నవాడే పేచీ పెట్టాడు. సిలిండరు బుస్సుమంటుంది, ఫ్లూట్ సన్నగా పలికేచోట నా పక్కసీటువాడు అలా బుస్సుమంటుంటే నేనైతే వాణ్ని బయటికి గెంటించనా అన్నాడు. ఆమె హాలు మేనేజరు దగ్గరికి వెళ్ళింది. బాల్కనీ వెనకాల లైట్లు వేసే అతనికి చిన్న అద్దాల గది ఉంది. అందులో రెండు కుర్చీలు పడతాయి. పక్కపక్కనే కూర్చోవచ్చు, సిలిండరు చప్పుడు బయటికి రాదు. మేనేజరు ఒప్పుకున్నాడు. మెకానిక్ ఒప్పుకోలేదు. అద్దం వెనక నుంచి వినాలంటే మంచం పక్కనే రేడియో ఉందన్నాడు. ఎదుటివాళ్ళ ఊపిరి తగలాలి, కమాను తీగ మీద పడగానే ఆ గీరుడు వినబడాలి, అది లేనప్పుడు హాలుదాకా దేనికన్నాడు. పది రోజులు నడిచింది ఆ తగువు. చివరికి ఆమె టేపు పట్టుకుని వెళ్ళి ఆ గది కిటికీ కొలిచింది. అద్దం జానెడు పక్కకు జరిపితే సంగీతం లోపలికి వస్తుందనీ, బుస బయటికి పోదనీ లైట్లతనితో సిలిండరు తెప్పించి మరీ పరీక్ష చేయించి తేల్చింది. జానెడు కాదు, మూరెడు జరపమని కబురొచ్చింది. ఒప్పుకున్నట్టే.

ఆ ఆదివారం పొద్దున ఇస్త్రీ చేసిన చీర కుర్చీ మీద వేసి ఉంది. ఎనిమిదింటికి ఫోన్ మోగింది. డ్రిల్లు టీచరు గొంతు ఈసారి నిజంగానే చిన్నగా ఉంది.

“రాలేడు వదినా.”

ఇప్పుడే బయల్దేరి ఆస్పత్రికి వస్తున్నానంది ఆమె. అటువైపు ఏదో సర్దుబాటు, గుసగుస. తర్వాత ఒక ఊపిరి వినిపించింది, దాని వెనకాల అతను. మూడు నెలల తర్వాత ఆ గొంతు వినడం అదే.

“హాలుకెళ్ళు. ఇద్దరం ఇక్కడే కూర్చుంటే... అక్కడ వినేదెవరు?”

వెళ్ళింది. రెండు కుర్చీలు వేసిన అద్దాల గది వైపు చూడకుండా తన సీటులోకి వెళ్ళి కూర్చుంది. పక్కన ఖాళీ. చెల్లెలు అన్న దగ్గరే ఉంది. దీపాలు తగ్గాయి. దగ్గులు ఆగాయి. వందలమంది ఒక్కసారి ఊపిరి బిగబట్టే ఆ క్షణం వచ్చింది. ఇంట్లో ఎంత మంచి రికార్డు పెట్టుకున్నా దొరకని క్షణం అది. అప్పుడు ఆమె ఇరవై ఒక్కేళ్ళలో చేయని పని చేసింది. కళ్ళు మూసుకుంది.

మొదట ఏమీ తోచలేదు, చీకట్లో ఇల్లు తడుముకున్నట్టుంది. కాసేపటికి దారి దొరికింది. వయొలిన్లు ఎడమ నుంచి కెరటంలా వచ్చి బాల్కనీ కింద తగిలి పైకి లేచాయి. వాటి మధ్యలో ఫ్లూట్ నిబ్బరంగా, తొందరనేది లేకుండా నడిచింది. దాని వెనకాల, వెంట్రుకవాసి ఆలస్యంగా, పెద్ద డోలు పడింది. ప్రతిసారీ అలాగే పడింది.

పదేళ్ళుగా అతను చెప్తున్నది నిజమే. సంతోషంతో ఆమె ఒళ్ళు పులకరించింది. చెప్పడానికి పక్కకు తిరిగి కళ్ళు తెరిచింది.

కచేరీ చివర్లో ఒక కొత్త కృతి వాయించారు. ఆ హాల్లో ఎవరూ అంతకుముందు వినలేదు. అయిపోయాక జనం లేచి నిలబడి ఆపకుండా చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. అరచేతులు మండుతుండగానే ఆటో ఎక్కింది.

ఆస్పత్రి మూడో అంతస్తు. కిటికీ పక్క మంచం. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు, మొహం మాత్రం మిగిలింది. ఆమెను చూసి చూపుడువేలు కదిపాడు, కూర్చోమని. డ్రిల్లు టీచరు అటువైపు స్టూలు మీద ఉంది.

నిజం చెప్పాలనే వచ్చింది. డోలు సంగతి నీదే గెలుపు అని ఒప్పుకుందామని దారంతా అనుకుంది. ఆ మొహం చూశాక మనసు మార్చుకుంది. నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నాడన్న మాట గుర్తొచ్చింది. గొంతు సవరించుకుని, కయ్యానికి కాలు దువ్వింది.

“ఇవాళ కళ్ళారా చూశాను. డోలాయన దేవుడిలా వాయించాడు. ఫ్లూట్ పిల్లే పరుగెత్తింది. నువ్వు పదేళ్ళుగా చెప్పేదంతా వట్టిది.”

అతను ఆమె వంకే చూశాడు. పెదవులు కదిలాయి. ఆమె ముందుకు వంగింది.

“సరే,” అన్నాడు. “నువ్వన్నదే నిజం.”

ఆమె వెనక్కి వాలలేదు. వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. డాక్టర్లు గట్టిగా చెప్పనిది ఆ రెండు మాటల్లో తెలిసిపోయింది. కాసేపటికి అతని చెయ్యి పట్టుకుని, కాదు, నేను అబద్ధం ఆడాను, డోలు ఈడ్చింది, నువ్వే గెలిచావు అంది. అతను దానికీ తల ఊపాడు.

అప్పుడు మంచం అవతలి నుంచి డ్రిల్లు టీచరు అందుకుంది.

“ఈడ్చిందంటే ఎంత ఈడ్చింది? అన్నయ్యయితే అలా వదిలేయడు వదినా. ఏ కృతిలో ఈడ్చింది, మొదట్లోనా చివర్లోనా అని అడుగుతాడు.”

“మొదట్లో,” అంది ఆమె.

“మొదట్లో అయితే చలికి డోలు తోలు బిగుసుకుందేమో అంటావు నువ్వు. తోలు కాదు, చెయ్యి అంటాడు ఆయన.”

“నువ్వు వినలేదుగా.”

“ఆయన మాత్రం వినే చెప్పాడా ఇన్నాళ్ళూ?”

ఈల తప్ప వాద్యం ఎరగని మనిషి అతని వాదనలన్నీ ఒక్కొక్కటే తీసి పెట్టింది. కళ్ళజోళ్లావిడ తనవి తీసింది. మంచానికి చెరోపక్క కూర్చుని ఇద్దరూ గట్టిగానే పోట్లాడుకున్నారు. వయొలిన్ల దగ్గర ఒకరు గెలిచారు, ఫ్లూట్ దగ్గర ఇంకొకరు. అతను ఒకరి నుంచి ఒకరికి చూపు తిప్పుతూ విన్నాడు. నర్సు వచ్చి, చూసిపోయేవాళ్ళ వేళ అయిపోయిందని చెప్పబోయి, చెప్పకుండానే వెళ్ళిపోయింది.

చివరికి ఆ కొత్త కృతి మిగిలింది. కళ్ళజోళ్లావిడ దాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెప్పి, ఆడపడుచు వంక చూసింది. డ్రిల్లు టీచరు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. దాని గురించి అతను ఎప్పుడూ ఏమీ అనలేదు. ఏమనేవాడో ఇద్దరికీ తెలియలేదు.

“నువ్వు చెప్పు వదినా. ఏమంటాడు?”

“నాకు తెలీదు,” అంది ఆమె.

ఇద్దరూ అతని వంకే చూస్తూ కూర్చున్నారు.