తెల్లవారుజామున చెప్పాల్సిన మాట

మా ఎరిత్రియా వాళ్లం చావు కబురు ఫోనులో చెప్పం. పెద్దలు నలుగురు పోగై, తెల్లవారుజామున తలుపు తట్టి, మనిషిని కూర్చోబెట్టి చెబుతాం. అంతవరకు అందరూ ఏమీ ఎరగనట్టే ఉంటారు. నా భార్య లెతెబ్రహాన్‌కు తండ్రి పోయిన సంగతి పదకొండు రోజులు దాచాం. "ఆ పదకొండు రోజులూ మా నాన్న నాకు బతికే ఉన్నాడు కదా" అందామె తర్వాత. ఇప్పుడు ఆమే లేదు. ఆ మాట మాత్రం నాలో ఉండిపోయింది. కిబ్రోమ్ దగ్గరా అందుకే దాచాను.

కిబ్రోమ్ సైన్యం నుంచి పారిపోయి, నేనుండే కెనడాలోని విన్నిపెగ్ చేరి, శరణు కోరాడు. అతనికి బదులు ఎరిత్రియాలో అతని అన్న తెస్ఫోమ్‌ను పట్టుకెళ్లారు. ఇక్కడ మావాళ్లలో పెద్దవాణ్ణని మార్చిలో వాళ్లమ్మ నాకు ఫోను చేసింది. తెస్ఫోమ్ జైల్లోనే పోయాడట. "మీరే చూసి చెప్పండి నాయనా" అంది. శరణు విచారణ మూడు వారాల్లో ఉంది. అది అయ్యాకే చెబుదామన్నాను.

విచారణలో అధికారి అడిగాడు, మీ అన్న ఎక్కడున్నాడని. "జైల్లో ఉన్నాడు. బతికే ఉన్నాడు" అన్నాడు కిబ్రోమ్, ప్రమాణం చేసి. నేను అతని వెనక కుర్చీలో ఉన్నాను. తల దించుకున్నాను.

ఆ తర్వాత అధికారికి ఫేస్‌బుక్‌లో తెస్ఫోమ్ నలభయ్యో రోజు ప్రార్థన ప్రకటన దొరికింది. ఎరిత్రియా ప్రభుత్వం కనిపెడుతుందన్న భయంతో కిబ్రోమ్ ఏనాడూ తెరవని ఫేస్‌బుక్ అది. అన్న చనిపోయినా బతికున్నాడన్నాడు కాబట్టి, ఇతని మాటేదీ నమ్మదగింది కాదని తీర్పు రాశాడు. శరణు లేదు. కారణం అతను పూర్తిగా చదవకముందే కాగితాలు కిబ్రోమ్ చేతిలోంచి తీసుకుని, లాయరు నోరీన్ దగ్గరికి పరిగెత్తాను.

"పై కోర్టుకు వెళ్లడానికి పదిహేను రోజులే గడువు" అంది నోరీన్. "జడ్జి కథంతా మళ్లీ వినరు, టెకెస్తె గారూ. తీర్పు ఇచ్చిన పద్ధతి న్యాయంగా ఉందా అన్నదే చూస్తారు. ఆ ప్రకటన చూపించి అతన్ని ఒక్క మాట అడగలేదు. మనకున్న దారి అదొక్కటే. అడిగి ఉంటే ఏం చెప్పేవాడో అతను ప్రమాణపత్రంలో రాసివ్వాలి."

"తనకు తెలియదనేగా?"

"తెలియదని రాయాలంటే ముందు తెలియాలి కదండీ."

రోజులు గడిచిపోయాయి. రోజూ కిబ్రోమ్ దగ్గరికి వెళ్లాను, ఏదో మాట్లాడి వచ్చాను. పదమూడో రోజు, ఇక్కడి మా పెద్దల్లో ఒకరైన అబ్రెహెత్ అక్క నా మీద విరుచుకుపడింది.

"ఏమయ్యా చదువుకున్నోడా! జాలి, జాలి అంటూ వాణ్ణి విమానం ఎక్కిస్తావా? అక్కడ దిగగానే పట్టుకుంటారు. అప్పుడు వాళ్లమ్మకు ఎవరు చెబుతారు, నువ్వా?"

పద్నాలుగో రోజు, ఇంకా చీకటి ఉండగానే, నలుగురం వెళ్లాం. తలుపు తీసి మమ్మల్ని చూడగానే కిబ్రోమ్‌కు అర్థమైంది. ఆ వేళకు నలుగురు పెద్దలు ఎందుకొస్తారో మాలో అందరికీ తెలుసు.

"అమ్మా?" అన్నాడు.

"కాదు నాయనా. తెస్ఫోమ్."

గోడకు ఆనుకుని జారి నేల మీద కూర్చున్నాడు. అబ్రెహెత్ అక్క అతని తల ఒళ్లోకి తీసుకుని ఏడుపు అందుకుంది. చాలాసేపటికి అతను లేచి నావైపు తిరిగాడు.

"ఎప్పుడు?"

"మార్చిలో."

"విచారణ రోజు నా వెనకే కూర్చున్నావు కదా బాబాయ్. అప్పటికే తెలుసా?"

"తెలుసు."

"మరి ఇవాళ ఎందుకు చెప్పారు?"

"రేపటితో గడువు అయిపోతుందిరా" అంది అక్క.

చావు కబురు విన్నాక మా ఆచారం ప్రకారం మూడు రోజులు చాప మీంచి లేవకూడని మనిషిని ఆ మధ్యాహ్నమే నోరీన్ ఆఫీసుకు తీసుకెళ్లాను. రాసింది మా భాషలో చదివి వినిపించాను. 'నా అన్న మరణం నాకు ఈ ఉదయమే తెలిసింది' అన్నచోట ఆపి, మళ్లీ చదవమన్నాడు. చదివాను.

"ఇది చూసి జడ్జి మా అన్న గురించి అడుగుతారా?"

"అడగరు" అంది నోరీన్ మెల్లగా. "అధికారి నిన్ను అడగకపోవడం గురించే. అసలు వినడానికి ఒప్పుకుంటారో లేదో కూడా చెప్పలేను. చాలావాటిని గుమ్మంలోంచే తిప్పి పంపేస్తారు."

సంతకం పెట్టాడు. తర్వాత నా ప్రమాణపత్రం వచ్చింది. తెలిసీ దాచానని, మాది ఇలాంటి ఆచారమని. పెన్ను ఆనించగానే కాగితం బల్ల మీద జారిపోసాగింది. కిబ్రోమ్ రెండు వేళ్లతో దాని అంచు నొక్కి పట్టాడు. నా వంక మాత్రం చూడలేదు.